ఇంటి కొలనులో, పెరటిలో ఏ మొక్కలను పెంచకూడదు? చెరువుకు ఎగువన ఇల్లు ఉన్నవారి సందేహం

ప్రశ్న: హనుమకొండ మిద్దెతోట

అందరికీ నమస్కారం. మా ఇల్లు హనుమకొండలో ఒక చెరువుకు ఎగువన ఉంది. నిరుడు పెరటిలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న చిన్న కొలను కట్టించి, మిద్దె మీద రెండు సిమెంటు గాబులలో కలువలు వేసుకున్నాము. కొలను బోసిగా కనిపిస్తున్నదని పొరుగింటివారు మూడు గుర్రపుడెక్క మొక్కలు తెచ్చి ఇచ్చారు. నర్సరీలో కలువ దుంపలు కొన్నప్పుడు, ఆకుపచ్చని గులాబీలా నీటిపై తేలే మరొక మొక్కను కూడా సంచిలో వేసి, దాని పేరు వాటర్ లెట్యూస్ అని చెప్పారు. ఎండాకాలం పోయేసరికి ఈ రెండూ కలిసి కొలనును సగానికి పైగా కప్పేశాయి. పువ్వులు అందంగా ఉన్నాయన్న మురిపెంతో నేను వాటిని తీయలేదు.

శ్రావణంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసినప్పుడు కొలను నిండి, నీరు పొర్లుగొట్టం గుండా వీధి కాలువలోకి పోయింది. ఆ కాలువ నేరుగా చెరువులో కలుస్తుంది. నెల తరువాత గట్టు మీద నడుస్తూ ఉండగా, మా వీధి కాలువ చెరువులో కలిసే మూలన లేత ఊదా రంగు పూలు కనిపించాయి. అవి మా కొలనులో నుంచి వచ్చినవేనని రుజువు చేయలేను, కానీ ఆ మూలన అంతకుముందు ఆ మొక్కను నేను ఎన్నడూ చూడలేదు. మా వాడ ఆడవాళ్లమంతా ఏటా బతుకమ్మలను నీళ్లలో వదిలేది సరిగ్గా అక్కడే. ఆ పూలను చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా సందేహాలు ఇవి. కొలనులో ఉన్నవాటిని ఎలా తీయాలి, తీసినవాటిని ఎక్కడ వేయాలి? నీటిపై ఆకు కప్పు లేకపోతే దోమలు పెరుగుతాయని మా ఇంట్లో అంటున్నారు, అది నిజమేనా? వాటి స్థానంలో ఏ మొక్కలు పెంచితే చెరువుకు హాని ఉండదు? ప్రహరీ వెంట రంగురంగుల లంటానా, దాని కింద నేలంతా పరచుకునే పచ్చపూల వెడేలియా కూడా ఉన్నాయి. వాటి విషయంలో కూడా జాగ్రత్త అవసరమా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కొల్లేటి గట్టు

అమ్మా, నమస్కారం. నేను ఏలూరులో ఉంటాను, వృక్షశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేశాను. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పే ముందు ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. పొర్లుగొట్టం మూతికి సన్నని కంతల జల్లెడను గాని, రెండు పొరల దోమతెరను గాని గట్టిగా బిగించండి. మొక్కలు తీయడానికి వారం పట్టినా ఫరవాలేదు, కానీ మరొక వాన పడేలోగా ఆ దారి మూసుకుపోవాలి.

ఇంటి కొలనుకు మొక్కను ఎంచుకునేటప్పుడు అది ఎంత అందంగా ఉందో చూస్తాము, ఎంత త్వరగా పెరుగుతుందో చూస్తాము. అది ఎలా ప్రయాణం చేస్తుందో మాత్రం చూడము. మీ కొలనులో ఉన్న రెండు మొక్కలకూ నేలతో పని లేదు. తల్లి మొక్క నుంచి అడ్డంగా ఒక కాడ సాగి, దాని కొసన పిల్ల మొక్క పుడుతుంది, కాడ తెగిన క్షణం నుంచి ఆ పిల్ల స్వతంత్రంగా బతుకుతుంది. గుర్రపుడెక్క ఆకుకాడ ఉబ్బి, లోపల గాలి నిండి ఉంటుంది కనుక అది మునగదు. గాలి వీస్తే తెరచాపలా కదిలిపోతుంది. వెచ్చదనం, మురుగుతో వచ్చే పోషకాలు ఉన్న నీటిలో రెండు వారాలలో రెట్టింపు కాగలదు. మీ మూడు మొక్కలు ఒక్క వేసవిలో సగం కొలను కావడానికి కారణం ఇదే.

గుర్రపుడెక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పందొమ్మిదో శతాబ్దం చివరలో పువ్వు కోసమే దానిని బెంగాల్‌కు తెచ్చారు. నెమలి కన్నులాంటి పసుపు చుక్క ఉన్న ఆ ఊదా పువ్వు మిమ్మల్ని మురిపించినట్టే వారినీ మురిపించింది. కొన్ని దశాబ్దాలలోనే అక్కడి నదులు, వరి చేలు, పడవ దారులు దాని కింద కప్పుబడిపోయాయి. మా కొల్లేరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీటితో పాటు ఎగువ ఊళ్ల మురుగును, తేలే మొక్కలను కూడా తెచ్చి సరస్సులో పోస్తాయి. సముద్రానికి పోవడానికి ఉన్న ప్రధానమైన దారి ఉప్పుటేరు ఒక్కటే. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఆ సరస్సులో, గుర్రపుడెక్క పట్టిన చోట దోనె నడవదు, వల పడదు. పైన చాపలా అల్లుకున్న ఆకుల కింద వెలుతురు అందక నీటి అడుగున ఉండే మొక్కలు చనిపోతాయి, కుళ్లిన ఆకులు నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి, చేపలు మిగలవు. డెల్టా కాలువల్లో ఏటా తూడు, గుర్రపుడెక్క తీయించడానికి అయ్యే ఖర్చంతా రైతుకు నీరు చేరడం కోసమే.

మీ ప్రాంతానికి ఇంకొక ప్రత్యేకత ఉంది. కాకతీయుల కాలం నుంచి అక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు, అక్కడి నుంచి మరొక దానికి పోతుంది. నీటిని పొదుపు చేయడానికి మన పెద్దలు కట్టిన ఆ గొలుసే, ఒక కొలనులోని తేలే మొక్కను పది ఊళ్లకు చేర్చే దారి కూడా అవుతుంది. అందుకే మీరు చూసిన ఊదా పూలను వెంటనే పట్టించుకోవాలని కోరుతున్నాను. నాలుగైదు మొక్కలు ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు, ఒక గంప సరిపోతాయి. వచ్చే ఏడాదికి అది యంత్రాలు తెప్పించవలసిన పని అవుతుంది. వాడలోని వారిని కలుపుకొని, నగరపాలక సంస్థకు ఒక ఉత్తరం రాసి, ఈ నెలలోనే ఆ మూలను శుభ్రం చేయించండి.

మీకు వాటర్ లెట్యూస్ అని ఇచ్చిన మొక్కను తెలుగులో అంతర తామర అంటారు. దీని పుట్టుక ఏ ఖండంలో అన్న విషయంపై శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మన వైద్య గ్రంథాలలో కుంభిక పేరుతో కనిపించేది ఇదేనంటారు. అయితే ఎక్కడ పుట్టినా, మురుగు కలిసిన నీటిలో దాని తీరు గుర్రపుడెక్కకు తీసిపోదు. ఈ రెండిటికీ తోడు సాల్వీనియా అనే తేలే ఫెర్న్ ఒకటి ఉంది. కేరళవారు దానిని ఆఫ్రికన్ పాయల్ అంటారు గాని అది వచ్చింది బ్రెజిల్ ఆగ్నేయ ప్రాంతం నుంచి. దానికి విత్తనమే లేదు, గోరంత ముక్క నుంచి కూడా పూర్తి మొక్క తయారవుతుంది. మీ కలువ గాబులలో అలాంటి ముక్కలు ఉన్నాయేమో ఆకులు ఎత్తి చూడండి.

ఇక తీసే విధానం. ముందు చేతితోనో, జల్లెడ గరిటెతోనో మొక్కలన్నిటినీ వేళ్లతో సహా ఎత్తండి. నీళ్లు కారుతున్న గంపను వీధిలోకి తీసుకువెళ్లకండి. మిద్దె మీద ఎండ బాగా తగిలే చోట, వాన నీటి గొట్టానికి దూరంగా పలుచగా పరచండి. వాటి బరువులో తొంభై శాతానికి పైగా నీరే కనుక కొద్ది రోజుల ఎండకు చిప్పలా ముడుచుకుపోతాయి. వేరు మొదలు విరిస్తే పెళుసుగా విరగాలి, పచ్చి కనిపిస్తే ఇంకా ఆరాలి. ఆ తరువాత ఎరువు గుంటలో వేయవచ్చు. మీ కొలనులో నింపినది బోరు నీరో, వాన నీరో అయితే ఆ ఎరువును దేనికైనా వాడుకోండి. చెరువు నుంచి తీసిన మొక్కలను మాత్రం ఆకుకూరల మడికి వేయకండి, ఎందుకంటే గుర్రపుడెక్క మురుగులోని సీసం, కాడ్మియం వంటి లోహాలను తనలోకి పీల్చుకుంటుంది.

కొలను నీటిని ఖాళీ చేయవలసి వస్తే పలుచని గుడ్డతో వడకట్టి చెట్ల పాదులకు పోయండి, కాలువలోకి వదలకండి. అడుగున ఉన్న బురదను కూడా తీయాలి. మీ మొక్కలు పూశాయి కనుక గింజలు రాలి ఉండవచ్చు. అవి బురదలో పదిహేనేళ్లకు పైగా మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు. ఆ బురదను ఎండబెట్టి, పెరటిలో నీరు పారని చోట మూరెడు లోతున పూడ్చండి. కలుపు మందులు కొట్టే ఆలోచన దయచేసి చేయవద్దు. ఇంత చిన్న నీటిలో చనిపోయిన మొక్క కుళ్లడమే చేపలకు ప్రమాదం, పైగా మందు కూడా చివరికి చెరువుకే చేరుతుంది.

దోమల సంగతి మీ ఇంటివారు అనుకుంటున్నదానికి పూర్తిగా వేరుగా ఉంటుంది. మాన్సోనియా అనే జాతి దోమల పిల్లలు గాలి కోసం నీటి పైకి రానక్కరలేదు. అవి గుర్రపుడెక్క, అంతర తామర వేళ్లకు గొట్టం గుచ్చి అక్కడి గాలినే పీల్చుకుంటాయి, ఆ వేళ్ల గుబురులో చేపలకు చిక్కవు. బోదకాలు వ్యాధిలో ఒక రకాన్ని మోసేవి ఈ దోమలే. ఆకు కప్పు తీసివేసి, నీటిలో చేపలు తిరిగేలా చేయడమే మీ ఇంటికి రక్షణ.

జవాబు: కడియం నర్సరీ

మాస్టారు చెప్పినదానికి మా వృత్తి వైపు నుంచి కొంత కలుపుతాను. కడియం, కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల మాలాంటి కుటుంబాలు ఎన్నో మొక్కల మీదనే బతుకుతున్నాయి కనుక, ఈ విషయంలో మా బాధ్యత ఎక్కువని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. తేలే మొక్కలు మాకు పైసా ఖర్చు లేకుండా వాటంతట అవే పెరుగుతాయి. అందుకే కలువ దుంపతో పాటు ఒక గుప్పెడు ఊరికే వేసి ఇవ్వడం చాలా చోట్ల అలవాటు. ఇచ్చేవారు మంచి మనసుతోనే ఇస్తారు, కానీ ఆ గుప్పెడు ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు. మా నర్సరీలో ఆ అలవాటును నేను నాలుగేళ్ల కిందట మాన్పించాను.

దానికి కారణం మాకు జరిగిన నష్టమే. బయటి రాష్ట్రపు వ్యాపారి ఒకరు పంపిన తామర దుంపల బురదలో సాల్వీనియా ముక్కలు వచ్చాయి. మేము గమనించేలోగా వరుసగా పెట్టిన తొట్లన్నిటికీ, తొట్టి నుంచి తొట్టికి మారే నీటి మగ్గు ద్వారానే అది పాకింది. తొట్లన్నీ ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, మళ్లీ దుంపలు నాటుకునేసరికి ఒక సీజను పోయింది. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ఏ నీటి మొక్కనైనా ముందు పాత ఆకులు, బురద కడిగి, విడి తొట్టిలో మూడు వారాలు ఉంచి, దానితో పాటు మరేదీ మొలవలేదని చూసిన తరువాతే మిగతావాటి దగ్గరకు చేరుస్తున్నాము. ఇంటి దగ్గర మీరు కూడా ఇదే పద్ధతి పాటించండి. ఒక ప్లాస్టిక్ బకెట్ చాలు.

కొనేటప్పుడు శాస్త్రీయ నామం అడగండి. ఒకే మొక్కను ఒక నర్సరీలో ఒక పేరుతో, పక్క నర్సరీలో మరొక పేరుతో అమ్ముతారు కనుక వ్యాపారపు పేరును నమ్మి ఏదీ తేల్చుకోలేము. ఆన్‌లైన్‌లో అక్వేరియం మొక్కలుగా అమ్మే కబోంబా, అమెజాన్ ఫ్రాగ్‌బిట్ వంటివి ఇంటి కొలనుకు వద్దు. కేరళలో కోజికోడ్ జిల్లా ఆవళ పాండి అనే చోట 2020లో వాగు పొడవునా గులాబీ రంగు పూలు విరబూసి, ఫొటోలు దేశమంతా తిరిగాయి. చూడడానికి వచ్చినవారిలో కొందరు ఆ మొక్కలను ఇళ్లకు తీసుకుపోయారు. అది కబోంబాలో ఒక జాతి, అక్వేరియంల కోసం దక్షిణ అమెరికా నుంచి వచ్చినది. అందంగా ఉన్నందువల్లనే అది మరికొన్ని చెరువులకు చేరే ప్రమాదం వచ్చింది.

మీ కొలనుకు నా సలహా కలువే. మన నేల మీద పుట్టిన కలువలలో పగలు పూసే నల్లకలువ ఉంది, రాత్రి విచ్చుకుని పొద్దెక్కాక ముడుచుకునే తెల్లని, ఎర్రని కలువలు ఉన్నాయి. దుంపను వెడల్పాటి మట్టి కుండీలో బంకమట్టితో నాటి, పైన వేలెడు మందాన ఇసుక పోసి, కుండీతో సహా నీటిలో దింపండి. అలా చేస్తే అది కుండీ దాటదు, తీయవలసి వచ్చినా సులువు. తామర కావాలంటే దానికి విడిగా ఒక గాబు ఇవ్వండి. దాని దుంప పాకే వేగానికి ఆరడుగుల కొలను చాలదు. అంచులకు వస, నీటి బ్రాహ్మి, సరస్వతి ఆకు చక్కగా నప్పుతాయి, వంటకూ మందుకూ పనికి వస్తాయి. నీటి లోపలికి వాలిస్నేరియా నాటితే చేపలకు మరుగు దొరుకుతుంది. కలువ ఆకులు నీటి పైభాగంలో సగం కప్పితే చాలు, మిగతా సగం తెరిచి ఉంచండి.

వెడేలియా గురించి అడిగారు. అది మధ్య అమెరికా ప్రాంతపు మొక్క, ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ప్రకటించిన నూరు అత్యంత హానికరమైన ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరు ఉంది. నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు పెడుతుంది. గడ్డి కత్తిరించినట్టు కత్తిరించి ఆ చెత్తను కాలువ గట్టున పోస్తే అక్కడే అంటుకుంటుంది. కొందరు దీనినే పసుపుపచ్చ గుంటగలగర అనుకొని నూనె కాచుకోవడం కూడా చూశాను, అది పొరపాటు. తీసివేసిన చోట సరస్వతి ఆకు పరచండి, ఎండ మరీ ఎక్కువైతే మా దగ్గర అడిగేవారికి నేను ముళ్లగోరింట చెబుతున్నాను.

లంటానా కూడా ఆ నూరింటి జాబితాలోనిదే. నర్సరీ రకాలకు కాయలు రావని చెబుతారు, చాలా రకాలలో అది కొంతవరకే నిజం. నల్లని చిన్న కాయలు కనిపిస్తే గోరింకలు, పిగిలిపిట్టలు వాటిని తిని ఎంత దూరమైనా తీసుకుపోతాయి. ప్రహరీ వెంట నూరువరహాలు వేయండి. నీరు తక్కువ పోయగలిగే చోట తంగేడు వేయండి. బతుకమ్మకు తంగేడు పూలు ఊరి బయట దొరకడం లేదని హనుమకొండ వైపు నుంచి వచ్చే కొనుగోలుదారులు నాతో బాధపడుతూ ఉంటారు, మీ గోడ వెంట నాలుగు చెట్లు ఉంటే వాడంతటికీ పూలు అందుతాయి.

జవాబు: మెల్‌బోర్న్‌లో గుంటూరు పెరడు

హనుమకొండ అక్కా, మీ ప్రశ్న చదివిన తరువాత నా అనుభవం చెప్పకుండా ఉండలేకపోయాను. నేను మెల్‌బోర్న్ శివారులో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో పొన్నగంటి కూర దొరుకుతుందా అని అడిగితే, ఒక స్నేహితురాలు తన పెరటి నుంచి నాలుగు కాడలు తుంచి ఇచ్చింది. నీళ్ల పైపు పక్కన గుచ్చితే నెల రోజులలో మడి నిండింది. పప్పులో వేసుకున్నాము, రుచిలో కొంత తేడా ఉన్నా నేల తేడా అనుకున్నాము. ఒకనాడు గ్రంథాలయంలో అంటించిన ఒక ప్రకటనలోని బొమ్మను చూసి, నా మడిలో ఉన్నది పొన్నగంటి కాదు, ఎలిగేటర్ వీడ్ అని తెలుసుకున్నాను.

ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదు. ఆ మొక్కది దక్షిణ అమెరికా. 1940లలో న్యూకాసిల్ ఓడరేవు దగ్గర ఆస్ట్రేలియాలో మొదట కనిపించింది. 1990లలో విక్టోరియా రాష్ట్రంలో అధికారులు వెతికినప్పుడు ఎన్నో ఇళ్ల పెరళ్లలో అది దొరికింది. శ్రీలంక నుంచి వచ్చినవారు తాము ముకునువెన్న అని పిలిచే పొన్నగంటి కూరే అనుకొని దానిని ప్రేమగా పెంచుకున్నారు. ఇక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు వారిని తప్పుపట్టి వదిలేయలేదు. ఆస్ట్రేలియాలోనే పుట్టిన, తినడానికి పనికివచ్చే అదే కుటుంబపు మరొక మొక్కను ఎంచి, దాని బదులుగా పెంచుకోమని పంచిపెట్టారు. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. మనిషికి తన కూర మీద ఉన్న మమకారాన్ని గౌరవిస్తూనే వాగులను కాపాడారు. నేను వ్యవసాయ శాఖకు ఫోను చేసినప్పుడు కూడా వారు వచ్చి, మట్టితో సహా తవ్వి, మూట కట్టి తీసుకుపోయారు. సొంతంగా పీకి చెత్తబుట్టలో వేయవద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే ఒక్క కణుపు మిగిలినా మళ్లీ మొదలవుతుంది.

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఎలిగేటర్ వీడ్ మన దేశపు చెరువులలో కూడా ఉంది. కొలను అంచున పొన్నగంటి పెంచాలనుకుంటే పువ్వు చూసి గుర్తుపట్టండి. పొన్నగంటికి తెల్లని చిన్న పూగుత్తులు కాడ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకొని ఉంటాయి. ఎలిగేటర్ వీడ్‌కు తెల్లని గుండ్రని పువ్వు పొడవైన కాడ కొసన నిలబడుతుంది, కొమ్మ లోపల బోలుగా ఉంటుంది.

విదేశాలలో ఉన్న మనవారు చదువుతూ ఉంటే ఒక మాట. మన దగ్గర మర్యాదగా పెరిగే మొక్క మరొక నేల మీద అలా ఉండకపోవచ్చు. మన కావ్యాలలో పూసే మాధవీలత మారిషస్, రీయూనియన్ దీవులలో అడవులను ఊపిరాడకుండా చుట్టేస్తున్నది, పైన చెప్పిన నూరింటి జాబితాలో అది కూడా ఉంది. మన చెరువులలో సాధారణంగా కనిపించే హైడ్రిల్లా 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సులకు పెద్ద బెడద అయింది. తూటికూర అమెరికా ఫెడరల్ ప్రభుత్వపు హానికర కలుపు మొక్కల జాబితాలో ఉంది. ఊరి నుంచి గింజలు, కాడలు తెచ్చుకునే ముందు మీరున్న రాష్ట్రపు నిబంధన ఏమిటో చూసుకోండి, పెంచుకోవడానికి అనుమతి ఉన్నదే తినండి.

ప్రశ్న అడిగినవారి మాట: హనుమకొండ మిద్దెతోట

మీ ముగ్గురికీ నా కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. కొలను నుంచి ఏడు గంపల మొక్కలు తీశాము. ఇంత చిన్న చోట అంత పచ్చిక ఉందని తీసేదాకా నాకు అర్థం కాలేదు. మిద్దె మీద ఎండబెడితే అదంతా ఒక్క గంపకు తగ్గింది. బురద తవ్వి పూడ్చాము. మాస్టారు చెప్పినట్టు వేళ్లను పరిశీలించినప్పుడు దోమ పిల్లలు నిజంగానే కనిపించాయి, మా అత్తమ్మగారికి చూపించాను. ఆమే ఇప్పుడు పొరుగింటి కొలను గురించి మాట్లాడుతున్నారు. చెరువు మూలన పదకొండు మొక్కలు దొరికాయి. వాడలోని ఎనిమిది మందిమి కలిసి తీసి, గట్టుకు ఇవతల ఎండబెట్టాము. నగరపాలక సంస్థకు ఉత్తరం ఇచ్చాము.

ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. లంటానాను మొదలుకంటా నరికితే పది రోజులలోనే మొదట్లో నుంచి గుంపుగా చిగుళ్లు వచ్చాయి. కోళ్లకు మేతగా అజొల్లా పెంచుకుందామనుకుంటున్నాము, అది కూడా తేలే మొక్కే కదా, ఫరవాలేదా? కొలనులో వేయమని బంధువులు గంబూసియా చేపలు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: కొల్లేటి గట్టు

అమ్మా, మీ వాడవారందరికీ నా అభినందనలు చెప్పండి. పదకొండు మొక్కల దశలో పట్టుకోవడం ఎంత పెద్ద విషయమో కొల్లేరు పక్కన ఉన్న నాకు తెలుసు.

లంటానాను నేల మట్టానికి నరికితే అది మరింత గుబురుగా వస్తుంది. చిగుళ్లు పుట్టే భాగం కాండానికి, వేరుకు మధ్య నేల కింద కొద్ది అంగుళాల వరకు ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్.బాబు గారి బృందం రూపొందించిన పద్ధతిలో ఆ భాగానికి దిగువన తల్లివేరును గునపంతో తెంచి, మొదలును పెకలించి, తలకిందులుగా ఆరబెడతారు. నేల తాకకపోతే అది మళ్లీ వేరు పెట్టదు. వాన పడి నేల మెత్తబడిన మరునాడు చేస్తే సులువుగా వస్తుంది. ఇంటి గోడ వెంట ఉన్నవాటికి ఇది ఒక ఉదయపు పని. కాయలు ఉన్న కొమ్మలను ముందే కోసి సంచిలో కట్టండి.

అజొల్లా విషయంలో మీ అనుమానం సహజమే. మన వరి చేలలో కనిపించే అజొల్లా పిన్నాటా ఇక్కడి మొక్కే. దాని ఆకులో నివసించే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కనుకనే అది కోళ్లకు, పశువులకు మంచి మేత. కొలనులో వేయకుండా, అంచులు ఎత్తుగా ఉన్న విడి గుంటలో టార్పాలిన్ పరచి పెంచండి, పైన వాన నీరు నేరుగా పడకుండా చిన్న పందిరి వేయండి. రోజూ కొంత తీసి కోళ్లకు వేస్తూ ఉంటే అది గుంట దాటదు. తెచ్చుకునేటప్పుడు మాత్రం సాల్వీనియా ముక్కలు కలవలేదని తెల్లని పళ్లెంలో పోసి చూడండి.

గంబూసియా వద్దు. అది ఉత్తర అమెరికా చేప, దోమల కోసం దాదాపు వందేళ్ల కిందటే మన దేశానికి తెచ్చారు. మొక్కలను గురించి ఇక్కడ మాట్లాడుకున్నదంతా ఆ చేపకూ వర్తిస్తుంది. ఇతర చేపల గుడ్లను, కప్పల పిల్లలను తింటుంది, పొర్లినప్పుడు చెరువు చేరుతుంది. మీ చెరువులోనే దొరికే చిన్న పరిగెలను నాలుగైదు వేసుకోండి, దోమ పిల్లలకు అవి చాలు. పొర్లుగొట్టం జల్లెడను చేపలు వేసిన తరువాత కూడా తీయకండి.

రాబోయే రెండు మూడు ఏళ్లు తొలకరి తరువాత కొలను అంచునా, చెరువు మూలనా నీరు పలుచగా ఉండే చోట ఒకసారి కూర్చొని చూడండి. గింజ నుంచి వచ్చే గుర్రపుడెక్క మొలక తేలుతూ ఉండదు, బురదలో వేరూని ఉంటుంది. దాని తొలి ఆకులు గడ్డి పోచల్లా సన్నగా, పట్టీలా ఉంటాయి; ఉబ్బిన కాడ, డెక్కలాంటి ఆకు తరువాత వస్తాయి. చాలామంది ఏదో గడ్డి అనుకొని వదిలేసేది ఆ దశలోనే. అప్పుడు దానిని రెండు వేళ్లతో పీకవచ్చు.